గంగమ్మ వాటా

రోజు 1,412

ఈ పుస్తకంలో ముందు పేజీలు నీటి ఆఫీసువాళ్ళవి, వెనక పేజీలు నావి. ముందు పేజీల్లో రోజుకి నాలుగు గడులు: వచ్చిన నీళ్ళు, తొట్టెలో నీటి ఎత్తు, కోసిన తోటకూర ఆకు, వృథా. ఆ చివరి గడిలో రెండేళ్ళుగా నేను సున్నా తప్ప ఇంకో అంకె వెయ్యలేదు. ఈ తొమ్మిదో అంతస్తులో ఆ మాట చెప్పుకోగలిగింది నేనొక్కదాన్నే. పోయినేడు ఆఫీసువాళ్ళు మెచ్చుకుని ఒక కాగితం ఇస్తే, దాన్ని తొట్టె పైన గోడకి అంటించాను. మా ఆయన ఎల్లాజీ ఇంటికొచ్చిన ప్రతివాళ్ళకీ దాన్ని చూపిస్తాడు. మా అత్త కాసులమ్మ మాత్రం అందులో ఏం రాసుందని ఒక్కసారి కూడా అడగలేదు.

అలాంటి ఇంట్లో పోయిన నెల తనిఖీలో ఆకు తక్కువ తూగింది. మనిషికి వారానికి పావుకిలో చొప్పున నలుగురికి కిలో ఉండాలి. ఎనిమిది వందల గ్రాములే ఉంది. వరసగా మూడు తనిఖీల్లో తక్కువైతే కార్డులోంచి ఒక పేరు కొట్టేస్తారు. ఎవరి పేరు కొట్టాలో మనల్ని అడగరు, వయసులో ఎవరు పెద్దయితే వాళ్ళది కొట్టేస్తారు. ఆ మనిషి కొండ కింద ఉన్న దిగువ ఇంటికి వెళ్ళిపోవాలి. మా కార్డులో పెద్దది అత్త, డెబ్భై నాలుగేళ్ళు.

ఒక నెల తగ్గినంత మాత్రాన కొంపేమీ మునిగిపోదు. విత్తనం పాతదై ఉంటుంది. కొత్తది తెచ్చి చల్లాను.

రోజు 1,419

పొద్దున్నే నా పని చేపల మేతతో మొదలవుతుంది. ముందు గదిలో కిటికీ పక్కన రెండు వందల లీటర్ల గాజు అక్వేరియం, అందులో ఏడు జిలేబీ చేపలు. అవి చూసి మురవటానికీ కాదు, కూర వండటానికీ కాదు. ఈ ఇంట్లో అందరికన్నా ఎక్కువ కష్టపడేది అవే. అవి తిని పెంట వేస్తాయి, ఆ మురికి ఫిల్టర్ స్పాంజిలో చేరుతుంది. స్పాంజిని బకెట్లో పిండితే వచ్చే గోధుమరంగు నీళ్ళే తోటకూర ట్రేలకి తడీ, ఎరువూ. ట్రేల్లోంచి కారినవి గొట్టం గుండా మళ్ళీ తొట్టెలోకే వస్తాయి. ఎండ తాగినంత, ఆకు తాగినంత మేరకు కుళాయి నీళ్ళు పోసి నింపుతాను. రోజుకి మూడు లీటర్లు పడుతుంది. అవి పోను తాగటానికీ వంటకీ మనిషికి రెండున్నర లీటర్లు మిగుల్తాయి.

నేను స్పాంజి పిండుతుంటే పిల్లకి తలంటుతున్నట్టుంటుందని ఎల్లాజీ ఏడిపిస్తాడు. ఏడిపిస్తే ఏడిపించాడు. ఒక్క చుక్క నేల మీద పడనివ్వను. ఈ బుద్ధి నాకు పుట్టింటి నించి వచ్చింది. మా నాన్న ఉప్పుమళ్ళలో పనిచేసేవాడు. మడిలోకి పెట్టిన నీళ్ళు గట్టు తెగి బయటికి పోయాయంటే ఆ పూట ఆయన అన్నం ముట్టేవాడు కాదు. నన్ను జాలర్ల ఇంట్లో ఇచ్చారు గానీ నా చెయ్యి ఇంకా ఉప్పుమడి చెయ్యే.

ఈమధ్య ట్రేల అంచుల్లో తెల్లగా పొక్కు కడుతోంది. సున్నమేమో అనుకుని చెంచాతో గీకేస్తున్నాను. కొత్త విత్తనం మొలిచింది గానీ ఆకుల కొసలు మాడుతున్నాయి.

రోజు 1,431

తనిఖీ అమ్మాయి హిమబిందు వచ్చింది. పాతికేళ్ళుండవు, మెత్తని మనిషి, చెప్పులు గుమ్మం బయటే విడుస్తుంది. తొట్టెలో రంగు కాగితాలు ముంచి చూసింది. మురికి లేదు, పులుపు లేదు, అన్నీ ఉండాల్సినట్టే ఉన్నాయి. చేపలు భలే బలంగా ఉన్నాయాంటీ అని మెచ్చుకుంది. తరవాత ఆకు కోసి తూస్తే ఆరువందల పది.

ఆ అంకె రాసేటప్పుడు తలెత్తలేదు. రెండోసారి, అని మాత్రం నెమ్మదిగా అంది. అత్త మంచం మీద కూర్చుని వింటూనే ఉంది. ఆవిడకి అన్నీ వినిపిస్తాయి, చెవుడు తనకి కావాల్సినప్పుడే వస్తుంది.

ఎదురింటి శివకళ మామగారు పోయినేడు దిగువ ఇంటికి వెళ్ళాడు. ఆయన ప్లాస్టిక్ కుర్చీ వరండాలో ఇంకా అలాగే ఉంది. ఎవరూ తియ్యరు, ఎవరూ కూర్చోరు. ఇవాళ ఆ అమ్మాయిని సాగనంపి వస్తూ ఆ కుర్చీ వంక చూడకుండా లోపలికొచ్చేశాను. నాకు భయంగా ఉంది.

రోజు 1,436

చేపలు బాగున్నాయి, నీళ్ళు బాగున్నాయి, వెలుతురు బాగుంది. మరి ఆకుకి ఏం రోగం? మట్టి మార్చాను. ట్రేలు కడిగాను, ఆ కడిగిన నీళ్ళు కూడా తొట్టెలోనే పోశాను. మా అమ్మాయి పద్మిని బళ్ళో టీచర్ని అడిగొచ్చింది. పురుగు పట్టిందేమో చూడమందిట. పురుగు లేదు. ఉంటే బాగుండేది, చంపేదాన్ని.

సాయంత్రం అత్త లేచి వచ్చి, ట్రేలోంచి కారుతున్న గొట్టం కింద వేలు పెట్టి నాలిక్కి రాసుకుంది. నలభై ఏళ్ళు ఒడ్డున చేపలు ఎండేసి అమ్మిన నాలిక అది. కాసేపు చప్పరించి నా వైపు తిరిగింది.

"మొగ నీల్లలాగున్నాయే అమ్మీ. ఉప్పగా."

మొగ అంటే మా ఊళ్ళో ఏరు సముద్రంలో కలిసే చోటు. ఆ ఊరూ లేదు, ఆ మొగా లేదు, నాలుగేళ్ళ కిందట సముద్రం రెండింటినీ పట్టుకుపోయింది. ఆవిడకి నోట్లో ఏది పెట్టుకున్నా అదే గుర్తొస్తుంది. పోనీలే అని నేనూ కొంచెం రుచి చూశాను. నిజమే, ఉప్పగానే ఉంది.

రోజు 1,437

ఇవాళ ఒక మాట అన్నాను. రాయకపోతే మనసులో ఉండిపోతుంది కాబట్టి రాస్తున్నాను.

అత్త పక్క దులుపుతుంటే దిండు కింద గుడ్డమూట దొరికింది. విప్పితే దోసెడు కల్లుప్పు. నాకు ఒళ్ళు మండిపోయింది. తొట్టెలోకి ఉప్పు ఎక్కణ్ణించి వస్తోందో దొరికిందనుకున్నాను. పద్మిని ముందే అడిగేశాను.

"నువ్వేనా అత్తా తొట్టెలో ఉప్పేత్తన్నావు? పోయేది నీ పేరే అని తెలిసి కూడా ఇలాటి పన్లేటి?"

అత్త నన్ను ఎగాదిగా చూసింది.

"నానెందుకేత్తానే? గంగమ్మతల్లికి ఉప్పు కరువా?"

మేడ మీద సోలార్ పలకలు తుడిచే కొడుకుకి దిష్టి తియ్యటానికి దాచుకున్నానంది. నేను నమ్మలేదు. మూట తీసేసుకున్నాను, వంటింట్లో ఉప్పు డబ్బా కూడా అలమరలో పెట్టి తాళం వేశాను. పద్మిని నాతో మాట్లాడకుండా నాయనమ్మ పక్కన వెళ్ళి కూర్చుంది. రాత్రి భోజనం దగ్గర చారులో ఉప్పు చాల్లేదని నాకే తెలుస్తోంది, అత్త మాత్రం అడగలేదు.

రోజు 1,444

తాళం వేసి వారమైంది. వారం ఆకు నాలుగు వందల ఎనభై. ఉప్పదనం తగ్గలేదు, ఇంకాస్త పెరిగినట్టుంది. అత్త తొట్టె ఛాయలకి కూడా రావటం లేదు. మంచానికీ స్నానాల గదికీ మధ్యనే తిరుగుతోంది. కంచంలో ఏం పెట్టినా అడగకుండా తింటోంది. మేడ మీంచి వచ్చిన ఎల్లాజీ వాళ్ళమ్మ మొహం చూస్తాడు, నా మొహం చూస్తాడు, చేపల వైపు తిరిగి కూర్చుంటాడు.

ఆవిడ కాకపోతే ఎవరు? ఈ ఇంట్లో తొట్టె మీద చెయ్యి వేసేది నేనొక్కదాన్నే కదా.

రోజు 1,449

మధ్యాహ్నం ఇంట్లో నేనూ అత్తా తప్ప ఎవరూ లేరు. అత్త పడుకుంది. చిన్న గిన్నెలో గ్లాసుడు తొట్టె నీళ్ళు పోసి పొయ్యి మీద పెట్టి పూర్తిగా ఇగరబెట్టాను. అడుగున తెల్లటి వలయం మిగిలింది. నాలిక్కి రాసుకుంటే ఉప్పే. తరవాత ఇంకో గిన్నెలో గ్లాసుడు కుళాయి నీళ్ళు ఇగరబెట్టాను. దాని అడుగున కూడా ఉంది. గోరుతో గీకితే గానీ కనపడనంత పలచటి పొర, కానీ ఉంది.

ఎవరూ వెయ్యక్కర్లేదు. కుళాయి నీళ్ళతో పాటు రోజూ చిటికెడు ఉప్పు ఇంట్లోకి వస్తోంది. నీళ్ళని ఎండ తాగుతుంది, ఆకు తాగుతుంది. ఉప్పుని ఎవరూ తాగరు. బయటికి దారి లేక అది తొట్టెలోనే ఉండిపోతోంది. నీళ్ళు పెట్టటం, పోనివ్వకపోవటం, ఎండకి వదిలెయ్యటం. మా నాన్న జన్మంతా చేసిన పని అదే. నేను ముందు గదిలో ఉప్పుమడి కట్టి, అందులో తోటకూర ఎందుకు పండటం లేదా అని ఏడుస్తున్నాను. జిలేబీ చేపలు ఉప్పునీళ్ళలో కూడా హాయిగా బతుకుతాయి, అవి నాకు ఏం చెప్తాయి?

మరి మొదటి రెండేళ్ళు ఎందుకు పండింది? ముందు పేజీలు తిరగేశాను. అప్పుడు వారానికి కిలోన్నర ఆకు. వృథా గడిలో నా రాతే ఉంది: ఒక లీటరు, ఎండకి. రోజూ అదే. 702వ రోజు దాకా అదే. 703 నించి సున్నా. సున్నా మొదలైన ఆరు నెలలకి కిలో మూడువందలు, ఏడాదికి కిలో నూరు, ఆ తరవాత కిలో దగ్గర బొటాబొటిగా వచ్చి, ఇప్పుడిలా.

702వ రోజు నాకు బాగా గుర్తుంది. ఆ పొద్దున అత్తని బాల్కనీలో పట్టుకున్నాను. స్టీలు చెంబుతో తొట్టెలోని నీళ్ళు ముంచి, తూర్పు వైపు తిరిగి, దణ్ణం పెట్టి ఊచల్లోంచి పారబోస్తోంది. మా రేవులో పడవలోకి చేరిన నీళ్ళు తోడేటప్పుడు మొదటి చెంబు అలాగే దణ్ణం పెట్టి పోసేవాళ్ళు, దాన్ని గంగమ్మ వాటా అనేవాళ్ళు. తల్లి దగ్గర తీసుకున్నవాళ్ళం తల్లికి కొంత తిరిగివ్వాలి అంది. నేను చెంబు లాక్కున్నాను. ఇక్కడ గంగమ్మ లేదు, ఆఫీసు ఉంది అన్నాను. ఎంత గొప్ప మాట అన్నానో అని ఆ రోజంతా మురిసిపోయాను కూడా.

ఎండకి పోయిందని నేను రాసుకున్న లీటరు ఆ చెంబే. దాంతో పాటే రోజూ ఉప్పు బయటికి పోయేది.

రోజు 1,450

అత్తకి చెప్పాను. రెండు గిన్నెలూ తెచ్చి చూపించాను, పుస్తకం చూపించాను. ఉప్పు మూట వెనక్కిచ్చి, తప్పు నాదే అన్నాను. ఆవిడ గిన్నె అడుగు వేలితో రాసి చూసుకుంది.

"నాకేటి తెలుసే ఉప్పు సంగతి. తల్లికివ్వాలని తెలుసు, అంతే."

తిట్టి ఉంటే బాగుండేది. కాసేపయ్యాక, చారులో ఉప్పెయ్యి రేపట్నించి, చప్పిడి తిని నోరు చచ్చిపోయింది అంది. పద్మిని నవ్వింది. నేనూ నవ్వబోయాను గానీ ఏడుపొచ్చింది.

తనిఖీకి ఇంకా పదకొండు రోజులుంది. ఉన్న ఉప్పు పోవాలంటే తొట్టె నీళ్ళు మొత్తం ఒకసారి మార్చాలి. రెండు వందల లీటర్లు. మా నలుగురం ఇరవై రోజులు గొంతు తడుపుకోకుండా ఉంటే వచ్చే నీళ్ళు.

రోజు 1,454

మూడు రోజుల కిందట నీటి ఆఫీసుకి వెళ్ళి అర్జీ పెట్టాను. ఒక్కసారి తొట్టె మార్చుకోనివ్వమని, తీసేసిన నీళ్ళు మీరే పట్టుకెళ్ళండని, గిన్నెలు కూడా చూపించాను. అక్కడి పెద్దాయన మర్యాదగానే మాట్లాడాడు. కుర్చీ వేయించాడు. తొట్టె మార్చటం వృథా కిందికి వస్తుందట. ఇప్పుడు నిబంధనలు మారాయట, వృథా గడిలో అంకె పడితే కోటాలో రోజుకి లీటరు కోస్తారట. ఉప్పు కొలిచే కాగితం వాళ్ళ దగ్గర లేదట, కొలవనిదాన్ని రాయటానికి వీల్లేదట. నా పుస్తకం చూసి, మీది ఆదర్శ గృహం అమ్మా, ఇలాగే కొనసాగించండి అన్నాడు.

ఇంటికొచ్చి నేను నా తాగే నీళ్ళలోంచి లీటరు తీసి తొట్టెలో పోసి, తొట్టెలోంచి చెంబుడు అత్త చేతికిచ్చాను. రెండేళ్ళ తరవాత ఆవిడ బాల్కనీలోకి వెళ్ళింది. నీళ్ళు ఊచలు దాటి కింద పడేలోపే ఎండకి సగం ఆవిరైపోయాయి. ముందు పేజీలో సున్నా అని రాశాను. అది ఈ పుస్తకంలో నా మొదటి అబద్ధం.

ఇప్పుడు రోజూ పోస్తున్నాం. తన తాగే నీళ్ళు కూడా తొట్టెలో పొయ్యమని ఎల్లాజీ చెంబుతో తెచ్చాడు. రోజంతా ఎండలో ఉండే మనిషి, వద్దన్నాను. రెండు పూటలు పోసి మూడో పూట మేడ మీద కళ్ళు తిరిగి పడ్డాడు. ఇక ఆ ఊసు ఎత్తనివ్వలేదు.

రోజు 1,461

నాలుగు వందల ముప్పై.

శివకళ రెండు కట్టలు ఇస్తానంది. కానీ వాళ్ళ తనిఖీ కూడా ఇవాళే, వాళ్ళింట్లో ఇప్పుడు పెద్దది ఆవిడ అత్తగారు. వద్దన్నాను. హిమబిందు రెండుసార్లు తూచింది. కాటా కదిలించి మూడోసారి కూడా తూచింది. నేను గిన్నెల సంగతి చెబితే మొత్తం విన్నది, కళ్ళలో నీళ్ళు పెట్టుకుంది. ఆ తరవాత రాసింది.

రోజు 1,463

అత్త వెళ్ళిపోయింది. ఒక సంచి తీసుకెళ్ళనిస్తారు. రెండు చీరలు, దువ్వెన, ఉప్పు మూట సర్దుకుంది. మూట నేనే పెట్టాను. పొద్దున చెంబు పోసి వచ్చి, తుడిచి, నా చేతిలో పెట్టింది.

"నన్ను తలుసుకుని పొయ్యకే. తల్లిని తలుసుకుని పొయ్యి."

సరే అత్తా అన్నాను. లిఫ్టు దాకా ఎల్లాజీ ఎత్తుకుని తీసుకెళ్ళాడు, నడవగలను దింపరా అని కొడుకుని కసురుతూనే ఉంది. లిఫ్టు లోపలికి మమ్మల్ని రానివ్వలేదు. పద్మిని ఊచలు పట్టుకుని బాల్కనీలో చాలాసేపు నిలబడింది, కింద ఏమైనా కనిపిస్తుందేమోనని. తొమ్మిదో అంతస్తు నించి దుమ్ము తప్ప ఏం కనిపించదు.

గోడ మీది కాగితం చింపేశాను. ఈ ఇంట్లోంచి ఆవిణ్ణి పంపింది ఆఫీసు కాదు, నేను. ఎవరెన్ని చెప్పినా అది మారదు.

రోజు 1,530

కోటాలో ఒక మనిషి నీళ్ళు తగ్గించారు. ఒక పేరు కొట్టేశాక తొమ్మిది నెలల దాకా ఆ ఇంటికి తనిఖీ ఉండదట, అదొక్కటే ఊరట. నా చెంబు మాత్రం ఆపలేదు. లీటరున్నరతో రోజు గడపటం మొదట్లో కష్టంగా ఉండేది, పెదాలు పగిలేవి, ఇప్పుడు అలవాటైంది. ఆకు ఐదువందల అరవై. ఉప్పు నెమ్మదిగా వచ్చినట్టే నెమ్మదిగా పోతోంది. వారానికోసారి గిన్నె ఇగరబెట్టి చూస్తున్నాను. వలయం పలచబడింది.

దిగువ ఇంటికి ఉత్తరాలు వెళ్ళవు. శివకళని అడిగితే, మొదటి నెల నేనూ అడిగాను వదినా అంది. అత్త మంచం తియ్యలేదు. ఎల్లాజీ పనినించి వచ్చి దాని మీదే కూర్చుంటాడు.

రోజు 1,741

ఇవాళ తనిఖీ. కిలో యాభై తూగింది. ఆకులు అరచేతంత, కొసలు మాడినవి ఒక్కటీ లేవు.

హిమబిందు మొహం విప్పారింది. నలుగురికీ సరిపోయిందాంటీ అంది, అన్నాక కార్డు వంక చూసుకుని ఆగిపోయింది. కార్డులో ముగ్గురం. మాకు ముప్పావుకిలో చాలు. మిగిలిన మూడువందల గ్రాములు ఆఫీసుకి జమ చెయ్యాలట. అత్త వంతు కన్నా యాభై ఎక్కువే.

పేరు మళ్ళీ చేర్చటం కుదురుతుందా అని అడిగాను. చేర్చటానికి ఫారం లేదంది. పోనీ ఈ ఆకైనా దిగువ ఇంటికి పంపు తల్లీ, ఆవిడకి తోటకూర పులుసంటే ఇష్టం అన్నాను. ఆ అమ్మాయి ఆకు సంచిలో పెట్టుకుంది. గుమ్మం దాకా వెళ్ళి, చెప్పులు తొడుక్కుని, అటు తిరిగే చెప్పింది.

"అక్కడికి ఆకే కాదు, ఏ తిండీ పంపరాంటీ. అక్కడ పొయ్యిలు లేవు."

ఈ పూట చెంబు నేను పొయ్యలేకపోయాను. పద్మిని పోసింది.